అసలు ఏది? నకలు ఏది?



మన సంఘం ప్రత్యేక సంచికకు "మీ సెక్షన్ చరిత్ర ఏదైనా రాయండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట తప్పించుకోవాలనే చూశాను. ఎస్టాబ్లిష్‌మెంటు వారు, అకౌంట్సు వారు రాసినట్టు ఇ.డి.పి. సెక్షన్ గురించి రాయడానికి ఏముంటుంది? ఏసీ గదిలో రెండు మిషన్లు, నాలుగు టెర్మినళ్ళు, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళడం, అంతే కదా అనుకున్నాను. కాని ఆ రెండు మిషన్ల విషయంలో నా మీద ఒక బాకీ ముప్ఫై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. ఈ వ్యాసంతో అది తీర్చుకుందామని కలం పట్టాను. అయితే రెండు మిషన్లు ఎందుకు పెడతారు, వాటిలో ఏది అసలు, ఏది నకలు అనే ప్రశ్న ఎలా పుట్టింది, దానికి ఎవరెవరు ఏమేమి జవాబులు చెప్పారు అన్నది ముందు చెప్పాలి. అది చెప్పకపోతే నా బాకీ ఏమిటో మీకు బోధపడదు.

చిట్టా, ఆవర్జా

పాతకాలపు లెక్కలు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొట్టులో జరిగిన ప్రతి లావాదేవీ జరిగిన వరుసలోనే ముందు చిట్టాలో పడుతుంది. ఆ తరువాత ఎవరి ఖాతాలోకి వారిది ఆవర్జాలో ఎక్కుతుంది. ఆవర్జా తడిసినా, చిరిగినా, చిట్టా భద్రంగా ఉంటే మళ్ళీ మొదటినుంచి రాసుకోవచ్చు. కంప్యూటరులోని డేటాబేసు కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. ఏ మార్పు అయినా ముందు ఒక చిట్టాలో రాసుకుని, తరువాతే అసలు ఖాతాల్లో ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోయి మిషను ఆగిపోతే, తిరిగి లేచినప్పుడు చిట్టా చదువుకుంటూ ఖాతాలు సరిచేసుకుంటుంది. దీన్నే రికవరీ అంటారు, అంటే కోలుకోవడం.

ఇప్పుడు ఆ చిట్టా పేజీలను ఎప్పటికప్పుడు ఇంకో మిషనుకు పంపిస్తున్నామనుకోండి. ఆ రెండో మిషను వాటిని చూసి తన ఆవర్జా రాసుకుంటూ పోతుంది. రెండు చోట్లా ఒకే లెక్క ఉంటుంది. మొదటిదాన్ని ప్రైమరీ సర్వరు అని, రెండోదాన్ని స్టాండ్‌బై సర్వరు అని అంటారు. ఈ ఏర్పాటుకు రెప్లికేషన్ అని పేరు. మొదటిది పడిపోతే రెండోది బాధ్యత తీసుకుంటుంది. మన పెన్షను జమ అయ్యే బ్యాంకుల్లో లెక్కలు ఈనాడు ఇలాంటి జంట ఏర్పాటు మీదే నడుస్తున్నాయి.

చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, పూర్వం కరణంగారు దస్తావేజుకు నకలు తీస్తే దాని నెత్తిన 'నకలు' అని రాసేవారు. మనం కూడా పి.పి.ఓ. జిరాక్సు తీయించి, అసలుతో కలిసిపోకుండా వేరే కవరులో పెడతాం. కంప్యూటరు నకలుకు అలాంటి గుర్తు ఏదీ పైకి కనబడదు. నకలు అచ్చుగుద్దినట్టు ఉండాలనే కదా ఇంత శ్రమ! అది ఎంత బాగా కుదిరితే మనకు అంత ధీమా. అదే సమయంలో, ఎంత బాగా కుదిరితే ఏది ఏదో పోల్చుకోవడం అంత కష్టం.

"నేను బతికే ఉన్నాను"

జంట మిషన్ల పద్ధతిని వ్యాపార కంప్యూటర్లలో స్థిరపరచిన ఖ్యాతి ముఖ్యంగా అమెరికాలోని టాండెం కంపెనీది. జేమ్స్ ట్రైబిగ్ అనే ఆయన 1974లో కాలిఫోర్నియాలో దాన్ని స్థాపించారు. 1976లో మొదటి మిషను సిటీబ్యాంకుకు వెళ్ళింది. దానికి 'నాన్‌స్టాప్' అని పేరు పెట్టుకున్నారు. అందులో ముఖ్యమైన ప్రతి పనికీ ఇద్దరు పనివాళ్ళు ఉండేవారు. ఒకరు పని చేస్తుంటే రెండోవారు పక్కన కూర్చుని పని ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునేవారు. లోపలి ప్రాసెసర్లన్నీ క్రమం తప్పకుండా ఒకదానికొకటి "నేను బతికే ఉన్నాను" అనే సందేశం పంపుకునేవి. ఆ సందేశం రావడం ఆగిపోతే, పంపవలసినది పోయిందని లెక్కకట్టి జతగాడు పని అందుకునేవాడు.

ఈ ఏర్పాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ప్రతి నవంబరులోనూ మనం చేసే పని ఇదే కదా! బ్యాంకుకు వెళ్ళో, 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ ద్వారా వేలిముద్ర వేసో "నేను బతికే ఉన్నాను" అని చెప్పుకుంటాం. చెప్పకపోతే పెన్షను ఆగుతుంది. కాని సర్టిఫికెట్ అందలేదంటే మనిషి పోయాడనేనా? ఆసుపత్రిలో ఉండవచ్చు, అమెరికాలో కొడుకు దగ్గర ఉండవచ్చు, వేలిముద్ర అరిగి మిషను గుర్తుపట్టకపోయి ఉండవచ్చు. మౌనం వేరు, మరణం వేరు. ఈ తేడా తెలియక కంప్యూటర్ల ప్రపంచం ఎన్ని అవస్థలు పడిందో ముందు ముందు చెబుతాను.

జిమ్ గ్రే లెక్క

అదే టాండెం కంపెనీలో జిమ్ గ్రే అనే మహానుభావుడు పనిచేశారు. డేటాబేసు విద్యలో ఆయన కృషికి 1998 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన సైన్సువారికి నోబెల్ ఎలాగో కంప్యూటరువారికి ఇది అలాగ. 2007 జనవరిలో ఒంటరిగా పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్ళిన ఆయన మరి తిరిగి రాలేదు.

1985లో ఆయన ఒక పరిశోధనా పత్రం రాశారు. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అన్నదే అందులోని ప్రశ్న. తమ ఖాతాదారుల దగ్గర వచ్చిన అంతరాయాలను వరుసగా పరిశీలించి కారణాలు లెక్క తేల్చారు. యంత్రభాగాలు పాడవడం 18 శాతం. ప్రోగ్రాముల్లో తప్పులు 25 శాతం. అన్నిటికంటే పెద్ద భాగం, 42 శాతం, నిర్వహణలో వచ్చిన పొరపాట్లది. అంటే మిషను దగ్గర ఉన్న మనుషులు చేసిన పనులు, మరమ్మతులు, మార్పులు.

దీని నుంచి ఆయన "మనుషులు అజాగ్రత్తపరులు, శిక్షించండి" అని తేల్చలేదు. మనిషి చేతిలో పెట్టే పనులు తగ్గించండి, యంత్రం తన సంగతి తాను చూసుకునేలా తయారు చేయండి అన్నారు. ఈ మాట నేను 1985లో కాదు కదా, సర్వీసులో ఉన్నంతకాలం వినలేదు. విని ఉంటే 1993లో ఆ సంతకం పెట్టేవాణ్ణి కాదేమో.

మా గదిలో రెండు మిషన్లు

ఏ ఆఫీసో, ఏ ఊరో రాయను. తెలిసినవారికి తెలుసు. మా గదిలో ఒకే కంపెనీవి, ఒకే రంగువి రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాని మీద 'మెయిన్' అని, రెండోదాని మీద 'స్టాండ్‌బై' అని స్టిక్కర్లు అంటించాం. రోజంతా మెయిన్‌లో ఎక్కించిన లావాదేవీల చిట్టాను రాత్రి టేపు మీదికి దింపి, ఆ టేపును స్టాండ్‌బైలో ఎక్కించేవాళ్ళం. రెండింటి తెరలూ ఒకటే, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దేని ముందు కూర్చున్నామో తెరను చూసి చెప్పడానికి వీలు లేదు.

ఒక సోమవారం మెయిన్‌లో పవర్ సప్లై కాలిపోయింది. పని ఆగకుండా రెండో మిషను మీదికి మార్చాం. రెండు రోజుల్లో మొదటిది బాగుపడి వచ్చింది. దాన్నే ఇక స్టాండ్‌బైగా వాడదామని సూపర్‌వైజరుగా నేనే నిర్ణయించి, షిఫ్టు రిజిస్టరులో ఒక వాక్యం రాశాను. స్టిక్కర్లు మాత్రం మార్చలేదు. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

తరువాతి వారం టేపు డ్రైవు మొరాయించింది. రెండు రోజులపాటు నకలు ఎక్కలేదు. స్టాండ్‌బై వెనకబడిపోయింది కాబట్టి దాని డిస్కు చెరిపేసి, మొత్తం కొత్తగా ఎక్కించమని నైట్ డ్యూటీ ఆపరేటరుకు చెప్పి నేను ఇంటికి వెళ్ళాను. ఆయన అంతకుముందు వారమంతా సెలవులో ఉన్నాడు. మిషన్లు మారిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. 'స్టాండ్‌బై' అని రాసి ఉన్న మిషను ముందు కూర్చుని, చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. చెరిగిపోయింది అసలుది. మిగిలింది రెండు రోజులు వెనకబడిన నకలు.

సెక్షన్ అంతా కలిసి నాలుగు రాత్రులు కూర్చుని వోచర్లు చూసి ఆ రెండు రోజుల లెక్కా మళ్ళీ ఎక్కించాం. పై అధికారులు రిపోర్టు అడిగారు. "ఆపరేటరు అజాగ్రత్త వలన జరిగినది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. ఆయనకు ఏడాదిపాటు ఇంక్రిమెంటు ఆపారు. స్టిక్కరు సంగతి రిపోర్టులో లేదు.

నకలుకు నోరు వచ్చింది

ఇక మళ్ళీ చరిత్రలోకి వస్తాను. ఈనాడు ప్రపంచమంతటా వాడుతున్న డేటాబేసుల్లో పోస్ట్‌గ్రెస్ ఒకటి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ఆచార్యుని ఆధ్వర్యంలో 1986లో ఆ పని మొదలైంది. 1996లో దానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరు వచ్చింది. దాన్ని కొనక్కరలేదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మా అమ్మాయి హైదరాబాదులో చేసే ఉద్యోగం ఇలాంటి డేటాబేసులను కనిపెట్టుకుని ఉండడమే. ఈ భాగంలో రాస్తున్నదంతా ఆమె నాకు ఓపికగా చెప్పినదే.

2005లో వచ్చిన 8.0 వెర్షనులో, దాచుకున్న చిట్టా పేజీలతో ఖాతాలను తిరిగి నిలబెట్టుకునే సదుపాయం పెట్టారు. దాని మీదే ఆధారపడి కొద్దికాలానికి స్టాండ్‌బై మిషన్లు నడపడం మొదలైంది. ఇక్కడొక తమాషా ఉంది. స్టాండ్‌బై కోసం వారు కొత్త యంత్రాంగం ఏదీ కనిపెట్టలేదు. కరెంటు పోయి లేచిన మిషను చిట్టా చదువుకుని కోలుకుంటుందని చెప్పాను కదా. ఆ కోలుకోవడాన్ని ఆపకుండా, వచ్చే ప్రతి పేజీనీ చదివిస్తూ పోతే అదే స్టాండ్‌బై. అంటే స్టాండ్‌బై అనేది ఎప్పటికీ కోలుకుంటూనే ఉండే మిషను.

ఆ రోజుల్లో రెండింటినీ పోల్చుకోవడం సులువు. కోలుకుంటున్న మిషను ఎవరితోనూ మాట్లాడదు, ఇంకా లేస్తున్నానంటూ వచ్చినవారిని తిప్పి పంపేస్తుంది. జవాబు చెప్పేది ప్రైమరీ, చెప్పనిది స్టాండ్‌బై. 2010 సెప్టెంబరులో 9.0 వెర్షను వచ్చింది. అందులో రెండు పెద్ద సదుపాయాలు పెట్టారు. చిట్టా పేజీ నిండేదాకా ఆగకుండా ఎప్పటి రాత అప్పుడే ప్రవాహంలా రెండో మిషనుకు వెళ్ళడం ఒకటి. స్టాండ్‌బై కూడా అడిగినవారికి లెక్క చూపించడం రెండోది. రాయడానికి వీల్లేదు, చదువుకోవచ్చు. నకలుకు నోరు వచ్చింది.

నోరు వచ్చిన రోజునే ఈ ప్రశ్న కూడా గట్టిగా వచ్చింది. ఇద్దరూ జవాబు చెబుతున్నారు, ఇద్దరి జవాబూ ఒకటే, మరి ఎవరు ఎవరు? అందుకని అదే వెర్షనులో మిషనును నేరుగా అడిగే ప్రశ్న ఒకటి పెట్టారు. ఆ ప్రశ్న పేరు 'పీజీ ఈజ్ ఇన్ రికవరీ'. "ఇంకా కోలుకుంటున్నావా?" అని అర్థం. "అవును" అంటే స్టాండ్‌బై, "లేదు" అంటే ప్రైమరీ.

"మిషను పేరు చూసి తెలుసుకోకూడదా అమ్మా? మెయిన్ అనో, ఒకటి అనో పెట్టుకుంటారు కదా" అని అడిగాను.

"పేరు ఎప్పుడూ చూడకూడదు నాన్నా. పేరు మనం పెట్టింది. పని మారినా పేరు మారదు. మిషన్నే అడగాలి" అంది.

ఆమె మామూలుగా అన్న మాట అది. నేను ఆ పూట భోజనం సరిగా చేయలేకపోయాను.

తరువాత ఈ పద్ధతి మరింత బలపడింది. 2017లో వచ్చిన 10వ వెర్షను నుంచి, నాలుగు మిషన్ల పేర్లు ఇచ్చి "వీటిలో రాయడానికి వీలున్న దానికే నన్ను కలుపు" అని చెప్పుకునే వీలు కలిగింది. 2021 నాటి 14వ వెర్షనులో "ప్రైమరీకి కలుపు", "స్టాండ్‌బైకి కలుపు" అని పేరుపెట్టి అడగవచ్చు. 2019 నాటి 12వ వెర్షనులో ఒక చిన్న ఏర్పాటు చేశారు, నాకు అన్నిటికంటే అదే నచ్చింది. స్టాండ్‌బైగా ఉండవలసిన మిషనులో ఒక ఖాళీ ఫైలు పెడతారు. మిషను లేచినప్పుడు ఆ ఫైలు కనబడితే తాను స్టాండ్‌బై అని తెలుసుకుంటుంది. దానికి ప్రైమరీగా పదోన్నతి ఇచ్చినప్పుడు ఆ ఫైలును మిషనే తీసేస్తుంది. అంటే స్టిక్కరు మార్చే పనిని కూడా మనిషికి వదలలేదు.

2017 జనవరి 31 రాత్రి

ప్రశ్న ఉన్నంత మాత్రాన మనిషి అడుగుతాడని లేదు. గిట్‌ల్యాబ్ అనే సంస్థ ప్రోగ్రాములు రాసేవారి పనిని భద్రపరచిపెట్టే సైటు నడుపుతుంది. వారికి ఒక ప్రైమరీ, ఒక స్టాండ్‌బై ఉండేవి. రెండూ పోస్ట్‌గ్రెస్‌వే. 2017 జనవరి 31న తాకిడి పెరిగి స్టాండ్‌బై బాగా వెనకబడిపోయింది. దాన్ని చెరిపి మళ్ళీ ఎక్కించాలని పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఒక ఇంజనీరు ప్రయత్నించాడు. ఎంతకీ ఎక్కడం లేదు. పాత ఫైళ్ళు అడ్డుపడుతున్నాయనుకుని వాటిని తీసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గుండె గుభేలుమంది. ఆజ్ఞ ఇచ్చింది స్టాండ్‌బైలో కాదు, ప్రైమరీలో. ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 మాత్రమే. మన గడియారం ప్రకారం అప్పటికి ఫిబ్రవరి 1 తెల్లవారుజామున నాలుగున్నర దరిదాపులు.

రెండు మిషన్ల పేర్లలో తేడా ఒక్క అంకె. ఒకటి, రెండు.

ఆ తరువాత వెతికితే, ఉన్నాయనుకున్న బ్యాకప్పులు ఒక్కొక్కటే లేవని తేలింది. రోజువారీ నకలు తీసే ప్రోగ్రాము వెర్షను సరిపడక ఎన్నాళ్ళుగానో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు చేరవలసిన చోటికి చేరడం లేదు. చివరికి ఇంకో పని కోసం ఆ ఇంజనీరే సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టుకున్న ఒక నకలు ఆదుకుంది. మర్నాడు గాని సైటు తెరుచుకోలేదు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త సభ్యుల వివరాలు పోయాయి.

ఇంతవరకు మా గది కథే. తేడా ఇక ముందు ఉంది. ఆ సంస్థ జరిగింది జరిగినట్టు అందరికీ తెలిసేలా బయటపెట్టింది. సరిచేసే పనిని కూడా లోకమంతా చూసేలా ప్రసారం చేసింది. తరువాత వివరమైన నివేదిక అచ్చువేసింది. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు. "అజాగ్రత్త" అన్న ముగింపు లేదు. ఎందుకు జరిగింది, ఆ పైన ఎందుకు, దాని వెనక ఎందుకు అని అడుగుతూ పోయారు. చేయవలసిన పనుల జాబితాలో ఒకటి ఏమిటో తెలుసా? ఏ మిషను ముందు ఉన్నామో తెర మీదే స్పష్టంగా తెలిసేలా గుర్తులు మార్చడం.

ఇద్దరూ నేనే అంటే

మిషన్ను అడిగితే చాలునా అంటే, అదీ చాలదు. ప్రైమరీ పడిపోయింది, స్టాండ్‌బైకి పదోన్నతి ఇచ్చాం అనుకోండి. పడిపోయినది కాసేపటికి లేచి, జరిగినదేమీ తెలియక, "నేనే ప్రైమరీ" అంటుంది. రెండింటినీ అడిగితే రెండూ అదే మాట చెబుతాయి. దీన్ని వారి భాషలో స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు అన్నమాట. రెండు చిట్టాలు వేరువేరు దారుల్లో నడిస్తే తరువాత కలపడం ఎవరి తరమూ కాదు.

మా నాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టరు. సింగిల్ లైను మీద ఆయన టోకెన్ ఇవ్వడం చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. రెండు స్టేషన్లలోనూ ఒక్కొక్క టోకెన్ పెట్టె, వాటి మధ్య తీగ. ఒక ఇనప గోళం బయటికి తీస్తే, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండో గోళం ఏ పెట్టెలోనుంచీ రాదు. గోళం చేతికి వస్తేనే డ్రైవరు ఆ లైనులోకి వెళ్ళాలి. "ఎదుటి బండి లేదని నాకు తెలుసు" అని ఎవరైనా అంటే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. "తెలియడం కాదు, గోళం ఏదీ?" అనేవారు.

కంప్యూటరువారు కూడా అటువంటి గోళం కోసమే వెతికారు. లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు పాక్సోస్ అనే గ్రీకు ద్వీపంలోని ఊహాజనితమైన శాసనసభ కథగా ఒక పద్ధతిని చెప్పారు. ఆ పత్రం 1998లో అచ్చయింది. సభ్యులు వస్తూ పోతూ ఉన్నా, సగానికి మించిన వారు ఒప్పుకున్నదే తీర్మానం. ముగ్గురిలో ఇద్దరి మద్దతు ఒకే సమయంలో ఇద్దరు నాయకులకు దొరకదు కాబట్టి ఇద్దరు నాయకులు ఉండరు. 2014లో డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ ఇదే పనికి రాఫ్ట్ అనే తేలికైన పద్ధతిని ప్రకటించారు. కొత్త నాయకుడు వచ్చినప్పుడల్లా హయాం నంబరు ఒకటి పెరుగుతుంది. పాత నంబరుతో వచ్చిన ఆజ్ఞ చెల్లదు. బదిలీ అయిపోయిన అధికారి పాత సీలు వేసి పంపిన ఉత్తర్వు లాంటిదన్నమాట.

ఇవన్నీ ఉన్నా జాగ్రత్త తప్పదని 2018 అక్టోబరు 21 నాటి సంఘటన చెబుతుంది. గిట్‌హబ్ అనే మరో సంస్థలో మరమ్మతు చేస్తుండగా, అమెరికా తూర్పు తీరంలోని వారి ముఖ్య కేంద్రానికి 43 సెకన్లపాటు సంబంధం తెగింది. కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాములు ఓటు వేసుకుని, పడమటి తీరంలోని మిషన్లకు పదోన్నతి ఇచ్చాయి. ఓటు నియమం ప్రకారమే జరిగింది. కాని తూర్పు మిషన్లు చనిపోలేదు, మాట వినబడలేదు, అంతే. చివరి కొద్ది సెకన్లలో అక్కడ రాసినవి పడమటికి చేరలేదు. ఆ తరువాత పడమట రాసినవి తూర్పున లేవు. 43 సెకన్ల మౌనాన్ని సరిదిద్దడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. మౌనం వేరు, మరణం వేరు అని మొదట చెప్పింది ఇందుకే.

మన దేశంలో

మన దేశంలో ఈ విషయం మామూలు జనం కంట పడిన రోజు ఒకటి ఉంది. 2024 మార్చి 2, శనివారం. సెలవు రోజే అయినా షేర్ మార్కెట్లు ప్రత్యేకంగా తెరిచారు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో పొద్దున కొంతసేపు లావాదేవీలు ప్రైమరీ కేంద్రం నుంచి నడిపారు. ఆపి, విరామం ఇచ్చి, తరువాత భాగాన్ని విపత్తుల కోసం వేరేచోట ఉంచిన కేంద్రం నుంచి నడిపారు. ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం వచ్చినప్పుడు చేయవలసిన పనిని ముందుగా, పట్టపగలు, అందరికీ చెప్పి చేసి చూసుకున్నారు. అసలు, నకలు స్థానాలు మార్చుకోవడం అలవాటైన పని అయితే, అర్ధరాత్రి కంగారులో తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. మా గదిలో స్థానాలు మారింది ఆ ఒక్కసారే. అదీ రిజిస్టరులో ఒక్క వాక్యంతో సరిపెట్టాను.

బాకీ

అమ్మాయి చెప్పిన తరువాత గిట్‌ల్యాబ్ నివేదిక సంగతి తెలుసుకుని, కొన్నాళ్ళు తటపటాయించి, ఆ మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఆయన కూడా ఇప్పుడు పెన్షనరే. కాఫీ ఇచ్చారు. పిల్లల సంగతులు, మోకాళ్ళ నొప్పుల సంగతులు అయ్యాక అసలు మాట ఎత్తాను. స్టిక్కర్లు మార్చవలసింది నేను, మార్చలేదు, రిపోర్టులో ఆ మాట రాయలేదు, తప్పు నాది అని చెప్పాను.

ఆయన కొంచెంసేపు ఊరుకుని, "ఆ సంగతి మర్నాడు పొద్దున్నే తెలిసింది సార్. షిఫ్టు రిజిస్టరు తిరగేస్తే మీ రాత కనబడింది" అన్నారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రాసేవారా సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆగిన ఇంక్రిమెంటు ఏడాదికి తిరిగి వచ్చింది కాని, ఆ శిక్ష వల్ల ప్రమోషన్ లిస్టులో ఆయన పేరు ఒక విడత వెనక్కి పోయింది. నేను ఈ వ్యాసం రాస్తానంటే, "రాయండి, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. అందుకే పేరు రాయలేదు. ఈ సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది. 1993 నాటి ఆ రిపోర్టులో ఉండవలసిన వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను: "మిషన్ల స్థానాలు మార్చిన సూపర్‌వైజరు గుర్తులు మార్చనందువలన జరిగినది. ఆపరేటరు తనకు చెప్పిన పని చెప్పినట్టు చేసినాడు."

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ ఉద్యోగాల్లోనే ఉన్నారు. వారిలో కొందరు పదిమంది మీద అధికారులు అయ్యారు. వారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. చూడడానికి ఒకేలా ఉన్న రెండు వస్తువులను అర్ధరాత్రి అలసిన మనిషి ముందు పెట్టి, తప్పు జరిగాక ఆ మనిషి పేరు రాయకండి. ముందు స్టిక్కరు ఎవరు మార్చాలో అడగండి.